జర్మన్ కవికి ఉరుకులాట, పారశీక కవికి తీరిక: ఈ పోలిక ఎంతవరకు నిలుస్తుంది?

కొత్తపుట
జర్మన్ కవిత్వం, పారశీక కవిత్వం గురించి తెలుగులో ఏ వ్యాసం తీసినా ఒకటే పాట. జర్మన్ కవి జీవితాన్ని భుజాన మోస్తాడట, పారశీక కవి పాత్రలో పోసుకుని తాగుతాడట. అక్కడ కర్తవ్యం, చావు, చలి. ఇక్కడ గులాబీ, మధువు పోసే సాకీ, బుల్‌బుల్. చదివి చదివి విసుగొచ్చింది. నాలుగు వారాల పఠన కార్యక్రమం ఒకటి వేస్తున్నాం, వారానికి రెండు గంటలు. రెండు వైపుల నుంచీ కవితల్ని జంటలుగా పెట్టి చదివించాలని ఆలోచన. వచ్చేవాళ్ళకి జర్మన్ రాదు, ఫార్సీ రాదు. ఏ కవిత పక్కన ఏది పెట్టాలి? ఏది పెడితే దారి తప్పుతారు?

రుబాయిగడప
మొదటి జంట జర్మన్ కవి గ్రీఫియస్, పారశీక కవి ఖయ్యాం పెట్టండి. ఆ వ్యాసాల మాట ఎంతో అక్కడే తేలిపోతుంది. ఆంద్రేయాస్ గ్రీఫియస్ 1616లో సైలీషియాలో పుట్టాడు. రెండేళ్ళకే ముప్పై ఏళ్ళ యుద్ధం మొదలైంది. "అంతా వ్యర్థమే" అనే ఆయన సానెట్ (పద్నాలుగు పాదాల కవిత) 1637లో అచ్చయింది. అందులో అంటాడు: ఈరోజు ఒకడు కట్టింది రేపు ఇంకొకడు కూలుస్తాడు, ఇప్పుడు ఊళ్ళున్న చోట పచ్చిక మొలుస్తుంది, గొర్రెల కాపరి పిల్లవాడు మందతో ఆడుకుంటాడు.

దాని పక్కన ఖయ్యాం పేరు మీదున్న రుబాయి, అంటే నాలుగు పాదాల పద్యం: బహ్రామ్ రాజు మధుపాత్ర పట్టిన కోటలో జింక ఈనింది, నక్క పడుకుంది. బతుకంతా అడవి గాడిదల్ని పట్టిన బహ్రామ్‌ని చివరికి సమాధి ఎలా పట్టుకుందో చూశావా?

ఊరు పచ్చికైంది, కోట నక్కల పాలైంది. బొమ్మ ఒకటే. కవుల పేర్లు కప్పేసి చదివించండి, జర్మన్‌ది ఏదో పోల్చుకోవడం కష్టం.

మేఘమాల
మరి తేడా లేదంటారా? అలాగైతే నాలుగు వారాలెందుకు, ఒక్క పూట చాలు కదా.

వైమార్_వేణు
బొమ్మ ఒకటే, చేరే చోటు వేరు. ఆ సానెట్ చివరి పాదం చూడండి. శాశ్వతమైనదాన్ని ఒక్క మనిషీ చూడాలనుకోవడం లేదు అంటాడు. అంటే శాశ్వతం ఉంది, చూడనిది మనమే. పదమూడు పాదాల విధ్వంసమూ ఈ ఒక్క పాదం కోసమే. గ్రీఫియస్ లూథరన్ మతబోధకుడి కొడుకు, ఆ ముగింపు ఆయనకి అలంకారం కాదు. ఖయ్యాం రుబాయి సమాధి దగ్గరే ఆగిపోతుంది. ఆ పైన ఏముందో చెప్పడు, చూడలేదని మనల్ని మందలించడు. ఇది చిన్న తేడా అని నేననుకోను.

ఛందస్సంధ్య
వేణు గారు చెప్పిన తేడాలో సగం ఛందస్సు చేసే పనే. గ్రీఫియస్ వాడింది అలెగ్జాండ్రైన్ పాదం. పన్నెండో పదమూడో అక్షరాలు, ఆరో అక్షరం తర్వాత విరుపు. "ఈరోజు ఒకడు కట్టింది" అని ముందు సగం, "రేపు ఇంకొకడు కూలుస్తాడు" అని వెనక సగం. పాదమే మధ్యలో విరిగి ఉంటుంది కాబట్టి కట్టడం, కూల్చడం అందులో తేలిగ్గా ఒదుగుతాయి. పైగా 14 పాదాలున్నాయి, వాదం పెంచుకుంటూ పోయి చివర తీర్పు చెప్పడానికి చోటుంది.

రుబాయికి నాలుగు పాదాలే. ఒకటి, రెండు, నాలుగు పాదాలకి అంత్యప్రాస, మూడోదాన్ని వదిలేస్తారు. బహ్రామ్ రుబాయిలో మొదటిది "జామ్ గిరిఫ్త్", రెండోది "ఆరామ్ గిరిఫ్త్", మూడోది "ఉమ్ర్" అని ప్రాస లేకుండా ముగుస్తుంది, నాలుగోది "బహ్రామ్ గిరిఫ్త్". మూడో పాదంలో చెవి ఎదురుచూస్తుంది, నాలుగో పాదం వచ్చి మీద పడుతుంది. ఆ తర్వాత నీతి చెప్పే జాగా లేదు. చెప్పకపోవడం ఖయ్యాం స్వభావం ఎంతో రుబాయి కొలత కూడా అంత.

నాలుగు పాదాలకీ ప్రాస ఉన్న రుబాయిలూ ఉన్నాయి. కుమ్మరి కొట్టులో రెండు వేల కుండలు, ఒక కుండ ఉన్నట్టుండి "కుండ చేసినవాడేడి, కొన్నవాడేడి, అమ్మినవాడేడి" అని అరిచే రుబాయి అలాంటిదే: దూష్, ఖమూష్, ఖరూష్, ఫరూష్.

రుబాయిగడప
దీనికి తెలుగులోనే సాక్ష్యం ఉంది. దువ్వూరి రామిరెడ్డి ఫార్సీ నేర్చుకుని ఖయ్యాంకి చేసిన తెలుగు అనువాదం పానశాలలో "అంతము లేని యీ భువనమంత పురాతన పాంథశాల" పద్యం చూడండి. బహ్రామ్, జంషీద్ రాజులు అందులోనూ వచ్చిపోతారు. అది ఉత్పలమాల. పాదానికి 20 అక్షరాలు, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం దగ్గర "ంత" ప్రాస. ప్రాస పాదం చివరి నుంచి మొదటికి జరిగింది, మూడో పాదాన్ని వదిలేయడం పోయింది. అందుకే రుబాయిలా చటుక్కున తెగదు, ధారగా సాగుతుంది. పఠనంలో దీన్ని కూడా గట్టిగా చదివించండి, పది నిమిషాల పని.

తారకం
నా ఓటు నీళ్ళకి. మూడు కవితలు, మూడింటిలోనూ జీవితం నీరే.

ఒకటి, పారశీక కవి హాఫిజ్ గజల్లోని బైత్ (రెండు పాదాల ముక్క): వాగు గట్టున కూర్చో, వయసు పారిపోవడం చూడు, గడిచిపోయే లోకం చేసే ఈ సైగ మాకు చాలు.

రెండు, జర్మన్ కవి హోల్డర్లిన్ రాసిన హైపీరియన్ విధిగీతం, 1799. మూడు భాగాల్లో మొదటి రెండూ పైన వెలుగులో నడిచే దేవతల గురించి. మూడోది మన గురించి. మాకు ఎక్కడా ఆగే రాత లేదు, బండ మీంచి బండ మీదికి విసిరిన నీళ్ళలా ఏళ్ళ తరబడి తెలియని లోతుల్లోకి పడుతూనే ఉంటాం అంటాడు. పాదాలు కూడా మెట్టు మెట్టుగా కుడివైపుకి జరుగుతూ దిగుతాయి. అచ్చు ప్రతి తెరమీద చూపించండి, కంటికే పడిపోవడం తెలుస్తుంది.

మూడు, జర్మన్ కవి గ్యోతే 1779లో స్విట్జర్లాండ్‌లో లౌటర్‌బ్రున్నెన్ దగ్గర ష్టౌబ్‌బాఖ్ జలపాతం చూసి రాసింది. మనిషి ఆత్మ నీటిలాంటిది, ఆకాశం నుంచి వస్తుంది, ఆకాశానికి లేస్తుంది, మళ్ళీ భూమికి దిగక తప్పదు, ఎప్పటికీ మారుతూనే ఉంటుంది.

హాఫిజ్ గట్టున ఉన్నాడు. హోల్డర్లిన్ నీళ్ళలో ఉన్నాడు. గ్యోతే ఆ నీరు ఆవిరై వానగా తిరిగొస్తుందని గుర్తుచేస్తాడు. ముగ్గురికీ తెలిసింది ఒకటే, గడిచిపోతుందని. ఎవరెక్కడ నిలబడి చూస్తున్నారన్నదే నాకు అసలు తేడాగా కనిపిస్తుంది.

ఛందస్సంధ్య
జంట బాగుంది, ఒక జాగ్రత్త. గజల్ నుంచి తీసిన ఒక్క బైత్‌ని, మొత్తం జర్మన్ కవిత పక్కన పెట్టి తూచకూడదు. గజల్లో ప్రతి బైత్ తన కాళ్ళ మీద తను నిలబడుతుంది. ఒకటి విరహం, పక్కది వేదాంతం, దాని పక్కది ముల్లా మీద చెణుకు. ఒకే కాఫియా (అంత్యప్రాస), రదీఫ్ (ప్రాస తర్వాత మళ్ళీ మళ్ళీ వచ్చే మాట) వాటిని పట్టి ఉంచుతాయి, చివర కవి పేరు వస్తుంది. జర్మన్ కవిత మొదటి పాదం నుంచి చివరికి నడిచి ఎక్కడికో చేరాలి. "పారశీక కవి స్థిమితంగా కూర్చుంటాడు, జర్మన్ కవి పరుగెడతాడు" అనే అభిప్రాయం చాలావరకు ఈ నిర్మాణం వల్లే పుట్టింది. వాగు గట్టు బైత్ ఇస్తే ఆ గజల్ మొత్తం ఇవ్వండి.

పాతబస్తీ_పాఠకుడు
ఛందస్సంధ్య గారి మాటకి ఇంకో రుజువు. జర్మన్లు గజల్‌ని తమ భాషలోకి తెచ్చుకున్నారు కూడా. ఫ్రీడ్రిష్ ర్యూకెర్ట్ వియన్నాలో, హాఫిజ్‌ని జర్మన్‌లోకి తెచ్చిన హామర్ దగ్గర ఫార్సీ నేర్చుకుని సూఫీ కవి రూమీ దారిలో గజళ్ళు రాసిండు. ఇంకో కవి ప్లాటెన్ గజళ్ళు 1821లో వచ్చినయ్. దాంతో ఇమ్మర్‌మాన్ అనే రచయితకి ఒళ్ళు మండింది. షీరాజ్ తోటలో పళ్ళు దొంగిలించి అతిగా తిని, పాపం, గజళ్ళు కక్కుతున్నరని ద్విపద కట్టిండు. కవి హైనె దాన్ని 1827లో తన పుస్తకంలో వేసిండు. ప్లాటెన్ ఊకోలే, 1829లో ఇద్దరి మీదా నాటకం రాసి బదులు తీర్చుకుండు. కవుల కొట్లాట ఎక్కడైనా గంతే.

మేఘమాల
కక్కడం సరే, జర్మన్ గజల్ ఎందుకు అతకలేదో కూడా చెప్పండి ఎవరైనా.

ఛందస్సంధ్య
పారశీక ఛందస్సు అరూజ్. మన గురులఘువుల్లాగే అక్షరం నిడివి మీద నడుస్తుంది. హాఫిజ్ దీవాన్‌లో (కవితల సంపుటిలో) మొదటి గజల్ హజజ్ వృత్తం. లఘువు, మూడు గురువులు. ఇలా నాలుగు సార్లు. మన లెక్కలో య గణం పక్కన ఒక గురువు, పాదానికి 16 అక్షరాలు. "అ లా యా అయ్, యు హస్ సా కీ" అని తాళం వేసి చదవండి, తెలుగు చెవికి వెంటనే దొరుకుతుంది. (ఆ మొదటి పాదం అరబ్బీలో ఉంటుంది, కంగారుపడొద్దు.) జర్మన్లో లెక్క నిడివిది కాదు, ఊనికది. ప్రాసనీ రదీఫ్‌నీ తీసుకుపోయారు, కింద ఆ తూగు లేదు. పది బైతులు ఒకే మాటతో ముగిస్తే ఫార్సీలో అల తిరిగొచ్చినట్టుంటుంది, జర్మన్లో సుత్తి దెబ్బ. ర్యూకెర్ట్ ఒక్కడు చాలా చోట్ల గట్టెక్కాడు.

గ్యోతే ఈ చిక్కు ముందే చూశాడు. హాఫిజ్‌ని చదివి రాసిన, 1819 నాటి పశ్చిమ ప్రాచ్య దీవాన్‌లో గజల్ కట్టుబాటు దాదాపు ముట్టుకోడు. నాలుగు పాదాల జర్మన్ పాటలే రాసి, పన్నెండు భాగాలకీ "నామా" (పుస్తకం) అని పారశీకపు పేర్లు పెట్టాడు.

శీతగాలి
అసలు తేడా "క్షణం" దగ్గర ఉందని నా నమ్మకం. ఖయ్యాం, హాఫిజ్ ఇద్దరూ ఈ దమ్‌ని, ఈ ఊపిరిని పట్టుకోమంటారు. గ్యోతే నాటకం ఫౌస్ట్‌లో పందెం సరిగ్గా దానికి తలకిందులు. "ఏ క్షణంతోనైనా, ఆగు, ఎంత అందంగా ఉన్నావు అని నేనంటే నన్ను సంకెళ్ళేసి తీసుకుపో" అని దయ్యంతో ఒప్పందం. సుఖంగా నడుం వాల్చడమే ఓటమి అక్కడ. చివర్లో, 1832లో అచ్చయిన రెండో భాగంలో, గుడ్డివాడైన ముసలి ఫౌస్ట్ ఆ మాట అననే అంటాడు. అప్పుడు కూడా కళ్ళముందున్న క్షణాన్ని కాదు. సముద్రం నుంచి గెలుచుకున్న నేల మీద రాబోయే జనం స్వేచ్ఛగా పనిచేసుకుంటారన్న ఊహని. బయట పలుగుల చప్పుడు కాలవ తవ్వుతున్నదనుకుంటాడు, తవ్వుతున్నది అతని గొయ్యి.

దీని పక్కన ఇరాన్ కవి సోహ్రాబ్ సెపెహ్రీ 1965 నాటి కవిత: "బతకడమంటే ఇప్పుడనే చిన్న నీటి తొట్టిలో మునిగి స్నానం చేయడం." ఖయ్యాం నుంచి సెపెహ్రీ దాకా ఎనిమిది వందల ఏళ్ళు, ఆ నమ్మకం చెక్కుచెదరలేదు.

రుబాయిగడప
ఒప్పుకోను. హాఫిజ్‌కే ఇంకో గజల్ ఉంది: రండి పూలు చల్లుదాం, పాత్రలో మధువు పోద్దాం, ఆకాశం కప్పు చీల్చి కొత్త నమూనా వేద్దాం. ఇది నీటి తొట్టిలో కూర్చున్నవాడి మాటా? అటుపక్క గ్యోతేదే 1780 సెప్టెంబరులో ఇల్మెనౌ దగ్గర కికెల్‌హాన్ కొండ మీద కొయ్య గుడిసె గోడపై రాసిన ఎనిమిది పాదాలున్నాయి. శిఖరాల మీద నిశ్శబ్దం, చెట్లకొనల్లో ఊపిరి లేదు, పిట్టలు మౌనం, కాస్త ఆగు, నువ్వూ త్వరలో విశ్రమిస్తావు. ఉరుకులాట ఎక్కడుంది అందులో?

శీతగాలి
"త్వరలో" ఉంది. విశ్రాంతి అక్కడ కూడా రాబోయేదే, ఇప్పటిది కాదు.

వైమార్_వేణు
ఇద్దరి మాటా చిమ్మట దగ్గర పరీక్షకి పెట్టొచ్చు. గ్యోతే హాఫిజ్‌ని చదివింది హామర్ జర్మన్ అనువాదంలో, 1814 వేసవిలో. జులై 31న వీస్‌బాడెన్‌లో "ధన్య తృష్ణ" అనే కవిత రాశాడు. కొవ్వొత్తి మీదికెళ్ళి కాలిపోయే చిమ్మట. చివర "చావు, మళ్ళీ అవు" అన్న ఆదేశం. అది తెలియనంతకాలం చీకటి భూమ్మీద నువ్వు మసకబారిన అతిథివి మాత్రమే.

ఇప్పుడు పారశీక సూఫీ కవి అత్తార్ పక్షుల కావ్యంలో చిమ్మటలు. దీపం సంగతి తెలుసుకు రమ్మని ఒకదాన్ని పంపితే దూరం నుంచి చూసొచ్చింది, ఇంకొకటి రెక్క కాల్చుకుని వచ్చింది. మూడోది మంటలో పడి మంట రంగే అయిపోయింది. పెద్ద చిమ్మట అంటుంది: తెలిసింది దానికే, కానీ అది వచ్చి చెప్పదు. ఇంకో పారశీక కవి సాదీ 1258 నాటి గులిస్తాన్ ముందుమాటలో అన్నదీ ఇదే. కాలిపోయింది, కిమ్మనలేదు.

మంట రెండింటిలోనూ ఉంది. పారశీక చిమ్మట దగ్గర కథ అయిపోయింది. గ్యోతే చిమ్మటకి అక్కడ మొదలవుతుంది.

పాతబస్తీ_పాఠకుడు
వేణన్నా, సూఫీల లెక్కలో ఫనా తర్వాత బకా ఉంటది. లయమైనంక నిలవడం. "కథ అయిపోయింది" అంటే సగమే చెప్పినట్టు. అత్తార్‌లోనే ఏడు లోయలు దాటి 30 పక్షులు చివరికి పక్షిరాజు సీమోర్గ్ ముందు తమనే చూసుకుంటయ్. పోయేదీ ఉంది, ఉండేదీ ఉంది.

వైమార్_వేణు
బకాలో నిలిచేది ఆ చిమ్మట కాదు కదా. నిలిచేది దీపం. గ్యోతే చెప్పే "మళ్ళీ అవు"లో అదే ప్రాణి ఇంకో రూపంలో ఎదుగుతుంది. మొక్కల రూపపరిణామం మీద 1790లోనే పుస్తకం వేసినవాడు, ఆ చూపుతోనే చిమ్మటనీ చూశాడు.

తారకం
పాతబస్తీ గారి మాట, వేణు గారి మాట రెండూ ఆ పూట చర్చకి పెట్టండి. దీన్ని తేల్చకుండా వదిలేయడమే మంచిది.

కొత్తపుట
బ్రహ్మాండంగా వస్తోంది. మద్యం గురించి ఎవరూ ఎత్తలేదు. వచ్చేవాళ్ళు మొదట అడిగేది అదే: నిజం మద్యమా, భక్తి మద్యమా?

పాతబస్తీ_పాఠకుడు
రెండిట్ల ఒకటి ఎంచుకోమని అడగొద్దు. దానికంటే చరిత్ర చెప్పుండ్రి. 1353లో ముబారిజుద్దీన్ అనే పాలకుడు హాఫిజ్ ఊరు షీరాజ్ పట్టుకుని మధుశాలలు మూయించిండు. జనం ఆయనకి ముహ్తసిబ్ అని పేరు పెట్టిండ్రు, నీతి కాపలాదారు. 1358లో కొడుకు షా షుజా ఆయన్ని దించేసినంక తలుపులు మళ్ళీ తెరుచుకున్నయ్. "ముహ్తసిబ్ శానా కరుకు, చంగ్ వాద్యం చప్పుడుతో తాగొద్దు" తీరు బైతులు హాఫిజ్‌వి ఆ వాతావరణంలయి. దొంగ భక్తుడిని ఎదిరించే మాట అది. గులాబీ తోటల తీరిక అనుకుంటే మోసపోతరు.

గ్యోతే కూడా తీరిగ్గా తూర్పుకి పోలే. దీవాన్ మొదటి కవితలోనే సింహాసనాలు పగులుతున్నయ్, రాజ్యాలు వణుకుతున్నయ్, తూర్పుకి పారిపో అంటడు. నెపోలియన్ కాలం. తైమూర్ నామాలో తైమూర్‌ని చలికాలం బెదిరించే కవిత 1812 రష్యా దండయాత్రే.

మేఘమాల
జర్మన్ తత్వవేత్త నీషె రాసిన కవిత ఒకటుంది ఈ ముచ్చటకి, హాఫిజ్‌ని ఉద్దేశించి "నీళ్ళు తాగేవాడి ప్రశ్న" అని. నువ్వే మధుశాలవి, నువ్వే మధువువి, నీకెందుకయ్యా మధువు అని అడుగుతాడు. చిన్నది, అయిదు నిమిషాల్లో అయిపోతుంది.

రుబాయిగడప
ఎక్కడ దారి తప్పుతారని అడిగారుగా. మూడు చోట్ల.

ఫిట్జెరాల్డ్ 1859 ఇంగ్లీషు ఖయ్యాం చేతికిస్తే, దేనికదిగా ఉన్న రుబాయిల్ని ఆయన తెల్లవారడంతో మొదలుపెట్టి చంద్రోదయందాకా ఒక రోజు కథలా పేర్చాడని ముందే చెప్పండి. ఆ వరస ఖయ్యాంది కాదు. అసలు ఏ రుబాయి ఖయ్యాందో అన్నదే పెద్ద తగువు. సాదిక్ హిదాయత్ 1934లో 143 ఎంచాడు, ఫరూఘీ 1942లో 178 ఎంచాడు. "ఖయ్యాం పేరు మీదున్న" అనడమే మర్యాద.

రెండు, జర్మన్ సంగీతకారుడు బ్రామ్స్ పాటల్లో వినిపించే హాఫిజ్, అంటే డౌమర్ 1846లో అనువాదమని వేసింది. అందులో డౌమర్ సొంత కవిత్వం ఎక్కువ. పాటగా వినిపించండి, హాఫిజ్‌కి సాక్ష్యంగా వద్దు.

మూడు, వాట్సాప్‌లో పూల బొమ్మల మీద తిరిగే "హాఫిజ్ సూక్తులు", "రూమీ సూక్తులు". హాఫిజ్ పేరుతో ఇంగ్లీషులో తిరిగేవాటిలో చాలావాటికి దీవాన్‌లో మూలమే లేదు. గజల్ మొదటి పాదం ఫార్సీలో చూపించలేని అనువాదం తీసుకోకండి.

వైమార్_వేణు
జర్మన్ వైపు నుంచి ఇంకొకటి. దీవాన్‌లో జులైఖా నామాలో తూర్పుగాలి, పడమటిగాలి కవితలు గ్యోతేవి కావు. ఆయన స్నేహితురాలు మరియానె ఫాన్ విలెమర్ రాసింది, గ్యోతే కొద్దిగా దిద్ది పేరు చెప్పకుండా వేసుకున్నాడు. ఆవిడ పోయాక 1869లో హెర్మన్ గ్రిమ్ బయటపెట్టేదాకా లోకానికి తెలియదు. చదివించేటప్పుడు ఆవిడ పేరుతోనే చదివించండి.

శీతగాలి
నాలుగో వారానికి ఇరవయ్యో శతాబ్దం పెట్టకపోతే మొత్తం గులాబీల దగ్గరే ఆగిపోతుంది. జర్మన్ కవి బ్రెష్ట్ డెన్మార్క్ ప్రవాసంలో పూర్తిచేసి 1939లో అచ్చువేసిన "మా తర్వాత పుట్టేవారికి": నిజంగా చీకటి కాలంలో బతుకుతున్నాను, చెట్ల గురించి మాట్లాడటమే దాదాపు నేరమైపోయింది. పక్కన ఇరాన్ కవి మెహదీ అఖవాన్ సాలెస్ "శీతాకాలం", అక్కడ ప్రభుత్వాన్ని కూల్చిన 1953 కుట్ర తర్వాత రెండేళ్ళు దాటాక రాసింది: నీ పలకరింపుకి ఎవరూ బదులివ్వరు, తలలు కాలర్లలో ముడుచుకున్నాయి.

ఇక్కడ గమనించాల్సింది, వాళ్ళు ఎవరితో మాట్లాడుతున్నారో. బ్రెష్ట్ ఇంకా పుట్టనివాళ్ళని పిలిచి, మమ్మల్ని కాస్త ఓర్పుతో తలుచుకోండి అంటాడు. అఖవాన్ చలిలో వణుకుతూ మధుశాల తలుపు కొడతాడు, లోపలి ముసలి క్రైస్తవుణ్ణి తలుపు తీయమంటాడు. హాఫిజ్ కొట్టిన తలుపే, ఆరువందల ఏళ్ళ తర్వాత.

తారకం
ఇది చదివాక "పారశీకమంటే హుషారు" అనే వ్యాసం ఎవరూ రాయలేరు.

పాతబస్తీ_పాఠకుడు
ఉర్దూ, ఫార్సీ కవి ఇక్బాల్‌ని మరిచిపోతే ఎట్ల? మ్యూనిక్‌లో డాక్టరేట్ చేసినోడు. 1923లో గ్యోతే దీవాన్‌కి జవాబుగా ఫార్సీలో పయామె మష్రిక్ (తూర్పు సందేశం) రాసిండు. అండ్ల హూరీకీ (స్వర్గకన్యకీ) కవికీ సంవాదం ఉంటది, గ్యోతే అదే పేరుతో రాసిన కవితకి బదులు. స్వర్గంల హూరీ అడుగుతది, నీకు మధువు మీద మనసు లేదు, నా దిక్కు చూడవు, ఏందిది అని. కవి అంటడు: నిప్పురవ్వ దొరికితే నక్షత్రం వెతుకుత, నక్షత్రం దొరికితే సూర్యుణ్ణి; ఆగితే చస్త. ఫౌస్ట్ పందెం ఫార్సీలో! అంతకుముందు 1915లో హాఫిజ్ మైకం జాతిని నిద్రపుచ్చుతదని తిట్టిండు కూడా, గోల అయినంక రెండో కూర్పులో ఆ పాదాలు తీసేసిండు.

ఇటు జర్మన్ భాషా కవి రిల్కె ఆర్ఫియస్ సానెట్లలో ఇస్ఫహాన్, షీరాజ్ నీళ్ళని, గులాబీలని పాడు, నువ్వు చూడని తోటల్ని పాడు నా హృదయమా అంటడు. ఎవరు జర్మన్, ఎవరు పారశీకం?

కొత్తపుట
ఇలా వేస్తున్నాను. మొదటి వారం గ్రీఫియస్, బహ్రామ్ రుబాయి, పానశాల పద్యం. రెండో వారం నీళ్ళ కవితలు మూడు, హాఫిజ్ గజల్ పూర్తిగా, హజజ్ తాళంతో. మూడో వారం ఫౌస్ట్ పందెం, సెపెహ్రీ, చిమ్మటలు. నాలుగో వారం బ్రెష్ట్, అఖవాన్, ఇక్బాల్. నీషె, రిల్కె సమయం మిగిలితే.

ఛందస్సంధ్య
మూడో వారం బరువెక్కింది. చిమ్మటల్ని రెండో వారంలోకి జరపండి, అక్కడ గ్యోతే ఎలాగూ ఉన్నాడు. ఫౌస్ట్‌లో పందెం దృశ్యమంతా వద్దు; మొదటి భాగంలో 1692 నుంచి 1706 దాకా 15 పాదాలు, రెండో భాగంలో ముసలి ఫౌస్ట్ చివరి ప్రసంగం. మధ్యలో కథ రెండు వాక్యాల్లో చెప్పేయండి.

శీతగాలి
సెపెహ్రీది కూడా పొడుగు కవితే, "బతకడమంటే" అని మొదలయ్యే పాదాలున్న భాగం ఒక్కటి తీసుకుంటే చాలు. దాన్ని ఫౌస్ట్ తర్వాత వెంటనే చదివించండి, మధ్యలో చర్చ పెట్టకుండా.